మా అమ్మను మూడుసార్లు గీసిన మనిషి

కోటప్పకొండ మీద స్వామి దర్శనం చేసుకుని, నరసరావుపేట బస్టాండు బయట గురజాల బస్సు కోసం నిలబడ్డాను. ఎండ అప్పుడే మెత్తబడుతోంది. ఎదురుగా రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టిన ఫ్లెక్సీ గాలికి ఉబ్బుతూ, మళ్ళీ సర్దుకుంటూ ఉంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. నీలం మబ్బులు, ఓ మూల దీపం, ఓ మూల పావురాలు, నడిమధ్య ఒక పెద్దాయన మొహం. ఒక్క ముడత లేకుండా, తెల్లగా, బుగ్గల మీద గులాబీ రంగుతో ఉంది. ఎవరో పుణ్యాత్ముడు స్వామి పాదాల దగ్గరికి చేరాడనుకుని అలవాటుగా దణ్ణం పెట్టాను. పెట్టాక కింద పేరు చదివాను. మళ్ళీ మొహం చూశాను. మళ్ళీ పేరు చదివాను.

బొమ్మల బాబాయి.

ఆ పేరు ఇక్కడ రాయను. మా వీధిలో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు కనక, రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టుంటుంది. పెద్దవాళ్ళకి బొమ్మలాయన, పిల్లలకి బొమ్మల బాబాయి. కంప్యూటరు ముందు కూర్చుని ఆ ఫ్లెక్సీ చేసినవాళ్ళెవరో శ్రద్ధగానే చేశారు. కానీ గడ్డం కింద మచ్చ తీసేశారు, కళ్ళ పక్కన ఎండకి చికిలించి చికిలించి పడ్డ గీతలన్నీ తీసేశారు. బాబాయి చూసుంటే ఒక కన్ను మూసి, మెడ కోడిపుంజులా పక్కకి వాల్చి, "బాగానే ఉన్నాడు, ఎవరాయన?" అనేవాడు.

బస్సొచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది, అదీ స్వామి దయే. నకరికల్లు దాటేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ సాయంత్రపు వెలుగులో తెల్లటి పంచెలా పరుచుకుని ఉంటే, అటు నిద్రా కాదు ఇటు మెలకువా కాదు, ఆయన గీసిన బొమ్మలు ఒక్కొక్కటే ఆ పొగలోంచి వచ్చి నిలబడటం మొదలుపెట్టాయి.

పొట్టి మనిషి. కుడిచెవి వెనక కుంచె, ఎడమచెవి వెనక బీడీ. బీడీ వెలిగించగా నేనెప్పుడూ చూడలేదు. "పక్కన టర్పెంటు డబ్బా పెట్టుకుని అగ్గిపుల్ల గీస్తే నేనే బొమ్మనైపోతా తల్లీ" అనేవాడు. రంగు కలిపాక ముందు ఎడమ మోచేతి మీద రాసి చూసుకునేవాడు. ఆ చెయ్యి చూస్తే ఆ వారం ఆయనకి ఏం పని తగిలిందో తెలిసిపోయేది. ఎర్రగా ఉంటే ఎరువుల కంపెనీ గోడ. నీలంగా ఉంటే కృష్ణుడు. అన్ని రంగులూ ఉంటే లారీ.

మనుషుల మొహాల వంక మరీ ఎక్కువసేపు చూసేవాడు. అందుకు తిట్లు కూడా తిన్నాడు. ఒకసారి మా ఊరి బస్సు స్టేజీ దగ్గర బుట్టలో కూరగాయలు పెట్టుకుని నిలబడ్డ ఆమెను కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"ఏందయ్యా అట్లా చూస్తన్నావు? ఇంట్లో ఆడోళ్ళు లేరా?"

"మీ మొహం కాదక్కా, మీ ముక్కు చూస్తన్నా."

"నా ముక్కు నీకెందుకురా, నీ ముక్కు పగలగొడతా!"

"పగలగొట్టండి గానీ, ఒక్కసారి అటు తిరిగి పగలగొట్టండి. పక్కనించి కనపడటంలా."

బస్సు స్టేజీలో అందరూ నవ్వారు. చివరికి ఆమె కూడా నవ్వి, ముక్కు అటు తిప్పింది.

నేను బడికి పోలేదు. తల్లిలేని పిల్లనని నాయనమ్మ నన్ను కళ్ళముందు నుంచి కదలనిచ్చేది కాదు. అక్షరాలు ఆమె దగ్గరే, దేవుడి గూటి ముందు, పళ్ళెంలో పోసిన బియ్యంలో దిద్దుకున్నాను. చదివిన ఆ నాలుగు పురాణాలూ ఆమె చదివించినవే. బాబాయి మా పక్కింటి వసారాలో అద్దెకుండేవాడు. నరసరావుపేటలో సినిమాహాళ్ళ బోర్డులు గీసే పెయింటరు దగ్గర కొన్నాళ్ళు రంగులు కలిపి, ఆ గురువుగారితో మాటా మాటా వచ్చి, డబ్బాలు నెత్తిన పెట్టుకుని మా ఊరు వచ్చేశాడట. పొద్దంతా నాకు ఆ వసారానే బడి.

నాటకాలవాళ్ళ తెరలు గీసినప్పుడు వీధికి అడ్డంగా తాడు కట్టి ఆరేసేవాడు. ఒక తెర మీద అడవి, ఒకదాని మీద రాజుగారి మేడ, ఇంకోదాని మీద తామరపూల కొలను. మధ్యాహ్నం గాలికి అడవి ఊగేది. దారిన పోయే మేకలు ఆ ఆకుల ముందు ఆగి మూతులు చాపేవి. నేను తెర వెనక్కి పోయి నిలబడేదాన్ని. అటునించి చూస్తే ఎండ పడి అడవంతా పలచగా వెలిగేది. అవతల నడిచే మనుషుల నీడలు ఆ చెట్లలోంచి చప్పుడు లేకుండా సాగిపోయేవి. చనిపోయినవాళ్ళు ఉండే చోటు గురించి ఎవరన్నా మాట్లాడితే ఇప్పటికీ నా కళ్ళకి కనపడేది ఆ తెర వెనక వెలుగే. అక్కడెక్కడో, ఆ చెట్లలో, మా అమ్మ కూడా నడుస్తూ ఉంటుందనుకునేదాన్ని. నీడ కనపడేది గానీ మొహం కనపడేది కాదు.

కోటప్పకొండ తిరునాళ్ళకి ఆకాశమంత ఎత్తున వెదుళ్ళతో ప్రభ కట్టేటప్పుడు దాని మీదికి పెద్ద పెద్ద గుడ్డల మీద దేవుళ్ళని గీసేవాడు. గుడ్డ నేల మీద పరిచి, మోకాళ్ళ కింద తడి తువ్వాలు వేసుకుని, దాని మీదే పాకుతూ గీయాలి. పాకుతూ మాట్లాడుతూ ఉండేవాడు. "కొంచెం ఓర్చుకో స్వామీ, నీ భుజం మీద చెయ్యి ఆనిస్తన్నా."

నాయనమ్మ గుమ్మంలోంచి అరిచేది. "ఒరేయ్, దేవుణ్ణి తొక్కుతన్నావురా!"

"తొక్కటంలా పెద్దమ్మా, పాకుతన్నా. తండ్రి మీద పిల్లలు పాకరా ఏంది?"

నాయనమ్మ లోపలికి పోయి మజ్జిగ తెచ్చి పెట్టేది.

మా వైపు పసుపు కుంకాలతో పోయిన ఆడమనిషిని పేరంటాలుగా కొలుస్తారు. ఏటా ఆమె పోయిన తిథికి ఆమె పటం ముందు కొత్త చీర, గాజులు, పసుపు, కుంకుమ పెట్టి, తర్వాత ఆ చీర ఇంటి ఆడపిల్ల కట్టుకుంటుంది. మా అమ్మ నేను పాకుతుండగా జ్వరం వచ్చి పోయింది. ఆమె ఫోటో ఒక్కటీ లేదు. పెళ్ళిలో ఫోటోలు తీయించే వాడుక మా ఇళ్ళలో అప్పటికింకా రాలేదు. అందుకని నాయనమ్మ ఖాళీ పీట మీద చీర పెట్టి, "మీ అమ్మకి దణ్ణం పెట్టుకో" అనేది. నేను పీటకి దణ్ణం పెట్టేదాన్ని. దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా నేను అడిగింది ఒక్కటే. బొమ్మలడగలేదు, మిఠాయిలడగలేదు. మా అమ్మ మొహం ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూపించమని అడిగేదాన్ని.

ఒక ఏడు ఆ తిథి నాడు బాబాయి మజ్జిగ కోసం వచ్చి పీట చూశాడు. పీట ముందు చేతులు జోడించి కూర్చున్న నన్ను చూశాడు. "నేను గీస్తా పెద్దమ్మా" అన్నాడు. "ముక్కు ఎట్లుండేది?"

"ముక్కులాగానే ఉండేది."

"అది కాదు పెద్దమ్మా. కోలగానా, బండగానా?"

"మా కోడలికి బండముక్కేందిరా!"

"రంగు?"

"చామనఛాయ." నాయనమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుని, "ఇంకా నయమే" అంది.

ఆయన అడిగే కొద్దీ ఆమె నిలకడ లేకుండా చెబుతోంది. కళ్ళు పెద్దవి అంది, కాదు మామూలువే అంది, అసలు ఆ పిల్ల నా ముందు తలెత్తితేగా అంది. బాబాయి మా నాన్న వంక తిరిగాడు. నాన్న అరుగు మీద పగ్గం పేనుకుంటున్నాడు. "అన్నా, నువ్వు చెప్పు. వదిన కళ్ళు ఎట్లుండేయి?"

"నాకు గుర్తు లేదయ్యా" అని నాన్న పగ్గం అక్కడే వదిలి చేలోకి వెళ్ళిపోయాడు.

అయినా బాబాయి బొమ్మ మొదలుపెట్టాడు. కళ్ళు మాత్రం అన్నిటికంటే చివర, తెల్లారే తలస్నానం చేసి, చెప్పులు దూరంగా వదిలి గీశాడు. ఎవర్నీ దగ్గర ఉండనివ్వలేదు. పిలిచాక వెళ్ళి చూస్తే పసుపుపచ్చ పట్టుచీర, జడ నిండా పూలు, ముక్కుకి ముక్కుపుడక, పున్నమి చంద్రుడంత గుండ్రటి మొహం, చెవుల దాకా కళ్ళు. మా అమ్మ ఇంత అందగత్తె అని నాకెవరూ చెప్పలేదేమని అందరి మీదా కోపం వచ్చింది. నాయనమ్మ కళ్ళు తుడుచుకుని, పటం నుదుట కుంకుమ పెట్టి, "ఇదుగోనే మీ అమ్మ" అంది. ఆ రోజు నుంచి పొద్దున్నే లేవగానే ఆ మొహం చూసిందాకా నేను నీళ్ళు కూడా తాగలేదు.

మా మేనత్తని నకరికల్లు ఇచ్చారు. తర్వాతి ఏడాదో, ఆ పై ఏడాదో అక్కడికి వెళ్తే అత్తయ్య నన్ను వాళ్ళ ఎదురింటికి పేరంటానికి తీసుకెళ్ళింది. పసుపు రాయించుకుంటూ తలెత్తి చూస్తే, గోడ మీద మా అమ్మ.

అదే గుండ్రటి మొహం, అవే కళ్ళు, అదే ముక్కుపుడక. చీర మాత్రం ఆకుపచ్చది. నాకు సంతోషం పట్టలేదు. లేచి వెళ్ళి పటం ముందు నిలబడి దణ్ణం పెట్టి, "అమ్మా" అన్నాను.

ఆ ఇంటి పెద్దామె గదమాయించింది. "ఎవరే నీకు అమ్మ? అది మా కోడలు."

"కాదు, మా అమ్మే. మీ ఇంటికెందుకొచ్చింది?"

"ఏమే, నీకేమన్నా పిచ్చా? మా పెద్దాడి పెళ్ళాం అది. ముగ్గురు పిల్లల్ని కని పోయింది."

"మా అమ్మ నన్నొక్కదాన్నే కన్నది" అని నేను బావురుమన్నాను.

ఆడవాళ్ళంతా మూగారు. ఒకామె అంది, "మా అక్క పటం కూడా అచ్చం ఇట్లాగే ఉంటదొదినా." ఇంకొకామె, "మా అత్తదీ అంతే" అంది. ఒక్క క్షణం అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు ఎవరో పకాలున నవ్వారు. మిగతావాళ్ళు నవ్వలేక, ఆపుకోలేక, కొంగులు మూతులకి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనిది ఆ పెద్దామె ఒక్కతే. నా ముందు వంగి, తన కొంగుతో నా మొహం తుడిచి, "సరే తల్లీ. మీ అమ్మే. దణ్ణం పెట్టుకో" అని, నా చేతిలో అరటిపండు పెట్టింది. ఆ తల్లి ఎక్కడున్నా నా నమస్కారం.

ఊరికి తిరిగి రాగానే వసారాలోకి వెళ్ళాను. బాబాయి లారీ వెనక చెక్కకి నెమలి గీస్తున్నాడు.

"బాబాయ్, నకరికల్లులో మా అమ్మ ఉంది."

కుంచె ఆగింది. ఇంకెవరన్నా అయితే పిల్లదాన్ని ఏదో చెప్పి మరిపించేవాళ్ళు. ఆయన నెమలి ముందు నుంచి లేచి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నాకు ఒక్క మొహమే వచ్చు తల్లీ. గురువు దగ్గర రెండో మొహం నేర్చుకోకముందే ఎగిరి బయటికొచ్చా. ముక్కు కోల అన్నా, బండ అన్నా, నా చెయ్యి పోయి పోయి ఆ మొహం దగ్గరే ఆగుద్ది."

"మరి మా అమ్మది?"

"నేర్చుకుంటా. నేర్చుకుని వచ్చి గీస్తా."

ఆ మాట కోసమే ఆయన తర్వాతి పనంతా చేశాడని నేను అనను. ఆయనకీ పెళ్ళయింది, పొట్ట ఉంది. మాచర్ల వెళ్ళి లారీల బాడీలు కట్టే చోట చేరాడు. తర్వాత ఒక ఫోటో స్టూడియోలో పాత ఫోటోలు పెద్దవి చేసి రంగులు దిద్దే పని. కాగితం మీద గళ్ళు గీసి, ఒక్కో గడినీ భూతద్దంతో చూస్తూ, బొగ్గుపొడితో నీడలు దించేవాడట. ఆ రోజుల్లో రెండుమూడు మాట్లు ఊళ్ళోకి వచ్చినప్పుడు చూశాను. మోచెయ్యి నల్లగా ఉండేది. మాట కూడా తగ్గింది. రంగులంటే ఏవగింపు వచ్చినట్టు మాట్లాడాడు. "రంగు అబద్ధం చెబుద్ది తల్లీ. నీడ చెప్పదు" అన్నాడు.

నన్ను మా ఊళ్ళోనే ఇచ్చారు. పెద్దపిల్ల పుట్టాక, ఒక రోజు చంకలో పెద్ద అట్టముక్కతో మా గుమ్మంలో నిలబడ్డాడు. "నేర్చుకున్నా" అన్నాడు.

ఈసారి ముక్కు ఎట్లుండేదని ఎవర్నీ అడగలేదు. నన్ను వెలుగులో కూర్చోబెట్టి నా గడ్డం, చెవులు గీసుకున్నాడు. నా పెద్దపిల్ల నుదురు గీసుకున్నాడు. అచ్చంపేటలో ఉన్న మా మేనమామ దగ్గరికి బస్సెక్కి వెళ్ళాడు. అక్కడ జరిగింది మేనమామ వచ్చి చెబితే నవ్వలేక చచ్చాం. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నెత్తిన చీర కొంగు కప్పి, "మీసం చేత్తో మూసుకో అన్నా" అన్నాడట.

"పొద్దున్నించి సాయంత్రం దాకా మూసుకునే కూర్చున్నానే" అన్నాడు మేనమామ. "కాఫీ కూడా తాగనియ్యలా. మా ఊరోళ్ళు కిటికీలోంచి చూసి, నాకేదో గాలి సోకిందనుకున్నారు."

బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది. ఫోటో కాదంటే నమ్మరు. కన్ను కింద చిన్న నీడ, పెదవి పక్కన గీత, ఒక్కో వెంట్రుకా విడివిడిగా ఉంది. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. నాయనమ్మకి అప్పటికి చూపు సగం పోయింది. పటాన్ని గుమ్మం దగ్గరికి, వెలుగులోకి తెప్పించుకుని, ముక్కు ఆనేటంత దగ్గరగా చూసింది. వేళ్ళతో తడిమింది.

"ముక్కు అదే. నుదురూ అదే. నువ్వు చానా కష్టపడ్డావు నాయనా." పటం మీద నుంచి చెయ్యి తీసింది. "మనిషి రాలేదు."

నేను బాబాయి వంక చూడలేకపోయాను. ఆయన మాత్రం పటాన్ని దూరంగా పెట్టి, మెడ వాల్చి, ఒక కన్ను మూసి చూసుకుని, "అవును పెద్దమ్మా, రాలేదు. మజ్జిగుంటే పొయ్యండి" అన్నాడు.

నాకూ ఆ బొమ్మ ముందు దీపం పెట్టాలనిపించలేదు. మా అమ్మ కళ్ళు, మా అమ్మ నుదురు అన్నీ ఒక చోట చేరి, ఆమె రాక కోసం ఎదురుచూస్తున్నట్టుండేది. చివరికి మేనమామ దాన్ని అచ్చంపేట తీసుకుపోయాడు. అచ్చం తనలాగే ఉందని ఆయనకి మహా ఇష్టం. నేను మళ్ళీ పసుపుపచ్చ చీర మొహానికే దీపం పెట్టుకున్నాను. అది ఎందరి ఇళ్ళలో ఎందరి అమ్మగానో ఉంటే ఉండనీ, నా చిన్నప్పటి మొరలన్నీ విన్నది ఆ కళ్ళే కదా. కానీ దీపం పెట్టి లేచేటప్పుడు పాత కోరిక మళ్ళీ నోటికొచ్చేది. చూపించు స్వామీ, ఒక్కసారి.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. గోడలు, బోర్డులు, ప్రభల మీది దేవుళ్ళు, చనిపోయినవాళ్ళ పటాలు అన్నీ అటు పోయాయి. ఆయన చెయ్యి కూడా వణకటం మొదలుపెట్టింది. మాచర్లలో నాపరాళ్ళు కోసే మిషన్ల దగ్గర విరిగి పారేసిన పలకలుంటే, అవి తెచ్చుకుని వాటి మీద గీస్తున్నాడని విన్నాం. రంగుల డబ్బాలు మానేశాడట. గడపలకీ అరుగులకీ ఆడవాళ్ళు పూసే ఎర్రమట్టి జాజు, సున్నం, పొయ్యిలో బొగ్గు, ఇవేనట. రాయి రంగునే సగం బొమ్మగా వదిలేస్తున్నాడట. "ముసలోడికి మతి పోయింది, కొనేదెవరు?" అనేవాళ్ళు. నేనొకసారి మాచర్ల వెళ్ళినప్పుడు చూశాను. ఒక పలక మీద ఒక్క జాజు గీత, దాని కింద సున్నం చుక్కలు. చాలాసేపు చూశాక అది వానలో తడుస్తున్న బర్రె వీపని తెలిసింది. తెలిశాక ఇంకేదీ కనపడలేదు, వాన వాసన కూడా వచ్చింది.

ఒక శీతాకాలం, నాయనమ్మ పోయిన చాలా ఏళ్ళకి, ఆటోలో గోనెపట్టా చుట్టిన పలక పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నాన్న ఎండలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాబాయి పలకని గోడకి ఆనించి, కొబ్బరిచిప్పల్లో సున్నం, జాజు కలుపుకుని, నాన్న ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"అన్నా, వదిన ఏ చేతివాటం?"

"పోయి ఇన్నేళ్ళయింది, ఇప్పుడేందయ్యా నీ గోల?"

"మొహం అడగటంలా. ఏ చేతివాటం అని అడుగుతన్నా."

నాన్న విసుక్కున్నాడు. అటు తిరిగాడు. అటే చూస్తూ, "ఎడమ" అన్నాడు.

నాకు అది తెలీదు. మా అమ్మది ఎడమచేతివాటమని ఎవరూ నాకు చెప్పలేదు.

"మిరపకాయలు ఏరేటప్పుడు కూడానా?"

"మరి? కల్లంలో అందరూ తాలుకాయలు ఇటు ఇసిరితే ఆమె అటు ఇసిరేది. పక్కనోళ్ళ మీద పడేయి. రోజూ తగాదే."

"ఘాటుకి మొహానికి ఏం కట్టుకునేది?"

"నా తువ్వాలు." నాన్న ఇటు తిరిగాడు. "నా తువ్వాలే కట్టుకునేది. ఉతకమంటే ఉతికేది కాదు. నేను ఒళ్ళు తుడుచుకుంటే ఒళ్ళంతా మంట."

బాబాయి నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత ఇక ఆయన అడగక్కర్లేకపోయింది. చేలోకి పోయి తప్పించుకున్న మనిషి, జన్మలో నా ముందు మా అమ్మ ఊసెత్తని మనిషి, ఎండ జరిగిన కొద్దీ మంచం జరుపుకుంటూ చెబుతూనే ఉన్నాడు. గొంతుక్కూర్చుంటే కుచ్చిళ్ళు ఎట్లా దోపుకునేదో, అలిగితే నీళ్ళకుండ ఎంత గట్టిగా దించేదో. బాబాయి వణికే చేత్తో గీస్తూనే ఉన్నాడు. వణుకు ఆపాలని కూడా చూడలేదు. గీతలు కల్లంలో దుమ్ము లేచినట్టు కదులుతున్నాయి. నేను గుమ్మంలో కూర్చుని పూజకి వత్తులు చేసుకుంటున్నదాన్ని, చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది.

సాయంత్రానికి రాతి మీద జాజుతో మిరపకాయల రాశి లేచింది. దాని పక్కన మొహానికి కట్టిన తువ్వాలు తల వెనక ముడేసుకుని, మనకి వీపు పెట్టి, గొంతుక్కూర్చున్న ఒక ఆడమనిషి. ఎడమ మోచెయ్యి పక్కకి పొడుచుకొచ్చి ఉంది. అప్పుడే ఏదో విసిరింది. అంతే.

"బాబాయ్, మొహం లేదే" అన్నాను.

ఆయన నా మాట విన్నట్టు లేదు. నాన్న వంక చూస్తున్నాడు. నాన్న మంచం మీద నుంచి ముందుకి వంగాడు. కళ్ళజోడు తీశాడు, పంచెతో తుడుచుకుని పెట్టుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేనట్టు, ఆ పలకొక్కటే ఉన్నట్టు, మెల్లగా పిలిచాడు.

"ఏమే."

వీధిలో ఏదో ఆటో పోయింది.

"పనిలో ఉంది అన్నా" అన్నాడు బాబాయి, కుంచె కింద పెడుతూ.

"అంతే" అన్నాడు నాన్న. "అంతే అది. ఎన్నిసార్లు పిలువు, తిరగదు. చేతిలో పని అయిందాకా తిరగదు. 'ఆఁ' అంటది. అంతే."

ఆ 'ఆఁ' నాన్న నోట్లోంచే వచ్చింది. నాన్న గొంతు మాత్రం కాదు. సన్నగా, చివర కాస్త పైకి లాగి, సగం విసుగు, సగం నవ్వు. అది నాకు తెలుసు. ఎట్లా తెలుసో తెలీదు. పాకే రోజుల్లో ఏ గుమ్మం అవతల నుంచి విన్నానో.

తన నోట ఎవరి గొంతు వచ్చిందో నాన్నకి కూడా తెలిసినట్టుంది. సిగ్గుపడి, మా ఇద్దరి వంకా చూసి, తలదించుకున్నాడు.

నేను దూది అక్కడే వదిలి, లేచి వెళ్ళి పలక ముందు కూర్చున్నాను. వెచ్చటి జాజు వాసన. ఆ తువ్వాలు ముడి వంకే చూస్తూ పిలిచాను.

"అమ్మా."

వెనక మంచం కిర్రుమంది. కాసేపటికి నాన్న అన్నాడు.

"ఆఁ."